మెనాండ్రోస్ పేరు పలక: పని డైరీ

మొదటి ఆదివారం

మేడ మీద గదిలో పాత డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి గోనెపట్టా పరిచాను. రెండు నెలల దాకా దీని మీద ఇంకేం పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పేశాను.

చేయబోయే పని ఇది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఇప్పటి అఫ్గానిస్తాన్, పంజాబ్ ప్రాంతాలను ఏలిన గ్రీకు రాజు మెనాండ్రోస్ వెండి నాణేన్ని అడుగు వెడల్పున ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో పోతపోయాలి. బొమ్మా, బొరుసూ రెండూ. అసలు నాణెం బొటనవేలి గోరంత ఉంటుంది, 18 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బరువు 2.4 గ్రాములు. అంటే పదిహేడు రెట్లు పెంచాలన్నమాట. పలకల కింద, చరిత్రలో అదే పేరు పెట్టుకున్న మిగతా వాళ్లకు ఒక్కో అట్ట కార్డు. మా వీధి గ్రంథాలయంలో గోడకు తగిలించుకుంటామన్నారు.

ఈ పేరే ఎందుకని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. మాది గుత్తి. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద ఎర్రగుడి బండల దగ్గరికి తీసుకెళ్లి అశోకుడి శాసనాలు చూపించాడు. అప్పుడు నాకు అవి గీతలే. పదమూడో శాసనంలో ఐదుగురు గ్రీకు రాజుల ప్రస్తావన ఉందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందులో అలెగ్జాండ్రోస్ అన్న పేరు శాసన ప్రాకృతంలో అలికసుదర అయింది. ఆయన దండయాత్రల అలెగ్జాండర్ కాదు, ఆ తర్వాతి కాలపు రాజు. మా ఊరి పక్క బండ మీద గ్రీకు పేర్లున్నాయని తెలిసిన రోజు నుంచి, ఆ పేర్లు మనవాళ్ల నోట్లో పడి ఎలా మారాయో చూడటం నాకు అలవాటైంది. అలా చూస్తూ చూస్తూ మెనాండ్రోస్ దగ్గర ఆగిపోయాను.

గురువారం రాత్రి

పేరుకు అర్థం రాసే కార్డు ముందు మొదలుపెట్టాను. అదే ఎక్కువసేపు పట్టింది.

రెండో సగం సులువు. ఆండ్రోస్ అంటే మగవాడు, మనిషి. అలెగ్జాండ్రోస్, లిసాండ్రోస్, కస్సాండ్రోస్ అన్నీ ఆ తోకతోనే ఉంటాయి. మొదటి సగానికి రెండు దారులున్నాయి. మెనో అన్న క్రియ నుంచి వచ్చిందంటే నిలబడటం, తట్టుకోవడం. ఎదిరించి నిలబడే మనిషి అని అర్థం వస్తుంది. మెనోస్ అన్న నామవాచకం నుంచి వచ్చిందంటే బలం, పట్టుదల, లోపలి ఊపు.

ఆ మెనోస్, మన మనస్సు ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. అలాగే అనేర్ (మగవాడన్న మాటకు గ్రీకు మూలరూపం), ఆండ్రోస్ అన్నవీ మన నృ, నర అన్నవీ చుట్టాలే. ఋగ్వేదంలో నృమణస్ అని ఒక మాట ఉంది, వీరుడి మనసు కలవాడని అర్థం. ఆ రెండు ముక్కల్నే వెనకదాన్ని ముందుకు తెచ్చి కలిపితే మెనాండ్రోస్. ఇది కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాక లేచి వరండాలో కాసేపు తిరిగాను. మనం రోజుకు పదిసార్లు మనసు అంటాం, నరుడు అంటాం. ఆ రెండూ కలిసి ఏథెన్సులో ఎవరింట్లోనో పిల్లవాడికి పేరయ్యాయి.

తెలుగులో ఎలా రాయాలన్నది ఇంకో తగువు. మన పాఠ్యపుస్తకాల్లో మెనాండర్, మినాండర్ రెండూ ఉన్నాయి, అవి ఇంగ్లీషు మీదుగా వచ్చినవి. బౌద్ధుల పాళీలో మిలింద. చివరికి కార్డుల మీద పెద్దక్షరాల్లో మెనాండ్రోస్ అనే రాయాలని, కింద చిన్నక్షరాల్లో మిగతా రూపాలు ఇవ్వాలని తేల్చుకున్నాను. ఆ మనుషుల్ని అమ్మానాన్నలు ఏమని పిలిచారో అదే పైన ఉండాలి.

రెండో ఆదివారం

మేనకోడలు తొమ్మిదో తరగతి. బొమ్మలు నాకంటే బాగా వేస్తుంది. ఈ రోజు ఇద్దరం బొమ్మ వైపు అచ్చు చేశాం.

పద్ధతి: బంకమట్టిని చపాతీలా పరిచి, దాన్లోకి బొమ్మను లోతుగా చెక్కి, చుట్టూ రేకు కట్టి ప్లాస్టర్ పోయడం. మట్టిలో గుంట ఉన్నచోట ప్లాస్టర్‌లో ఉబ్బు వస్తుంది. రాజు తల, తలకు కట్టిన పట్టీ, మెడ వెనక వేలాడే పట్టీ కొసలు తను చెక్కింది. అంచు చుట్టూ అక్షరాలు నేను. పైన వంపులో బాసిలియోస్ సోటెరోస్, కింద మెనాండ్రూ.

రెండు పాళ్లు పొడి, ఒక పాలు నీళ్లు. పొడిని నీళ్లలో చల్లాలి గానీ నీళ్లను పొడిలో పోయకూడదు, ఉండలు కడుతుంది. సగం పోశాక ఒక పొర గోనె పీచు వేసి, పైన మిగతాది. అరగంటలో గట్టిపడింది. మట్టి ఒలిచి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

బటర్ పేపర్ మీద గీసుకున్నదాన్ని తిప్పకుండా అలాగే మట్టి మీద అంటించాను. అచ్చులో అంతా అద్దంలో చూసినట్టు ఉండాలని తెలుసు, తలను అలాగే తిప్పి చెక్కించాను కూడా. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పట్టించుకోలేదో ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. మెనాండ్రూలో తొమ్మిది అక్షరాలు. మ్యూ, ఆల్ఫా, డెల్టా, ఓమిక్రాన్, ఉప్సిలాన్ ఈ ఐదూ ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. ఎప్సిలాన్, రెండు న్యూలు, రో మాత్రమే దొరికిపోతాయి. నేను చెక్కుతూ సరిచూసుకున్నది ఆల్ఫా దగ్గర, డెల్టా దగ్గర.

"అత్తా, పాతకాలంలో నాణేలు కొట్టేవాళ్లు కూడా ఇలా తప్పులు చేసేవాళ్లా?" అని అడిగింది. చేసేవాళ్లు. తిరగబడ్డ అక్షరాలున్న నాణేలు చాలా దేశాల్లో దొరుకుతాయి. వాళ్లు ఇనుప ఉలితో, గోరంత లోహం మీద, భూతద్దం లేకుండా ఉల్టా చెక్కేవాళ్లు. రెండున్నర కిలోల ప్లాస్టర్ పోయింది, సాయంత్రం పోయింది. కానీ ఆ పని ఎంత కష్టమో చేతికి తెలిసింది.

సోమవారం

ఆఫీసు నుంచి వస్తూ స్టీలు సామాన్ల కొట్టు దగ్గర ఆగాను. అక్కడ గిన్నెల మీద పేర్లు కొట్టే పెద్దాయన ఉంటాడు. మా పెళ్లి సామానంతా ఆయన చేతిదే. వంపు మీద అక్షరాలు సమానంగా ఎలా వస్తాయని అడిగాను. "మధ్య అక్షరం ముందు కొట్టాలమ్మా. అక్కణ్నించి రెండు పక్కలకీ పోవాలి. ఎడమనుంచి మొదలుపెడితే చివర్లో చోటు చాలదు" అన్నాడు. మెనాండ్రూకి మధ్య అక్షరం ఐదోది, న్యూ. అక్కణ్నించే మొదలుపెడతాను.

ఆయన కొట్టే పేర్లు చూస్తుంటే ఇంకోటి తట్టింది. నాణెం మీద ఉన్నది మెనాండ్రోస్ కాదు, మెనాండ్రూ. గ్రీకులో అది షష్ఠీ విభక్తి. రక్షకుడైన రాజు మెనాండ్రోస్‌ది అని అర్థం. బొరుసు వైపు, వాయవ్యాన అప్పట్లో వాడిన ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతం: మహరజస త్రతరస మెనంద్రస. ఆ చివరి 'స' కూడా షష్ఠే. గిన్నె ఎవరిదో గిన్నె మీద కొట్టించుకున్నట్టే, నాణెం ఎవరిదో నాణెం మీద ఉంది.

త్రతర అంటే సంస్కృతంలో త్రాత. గ్రీకు సోటెర్‌కు అప్పటివాళ్లు చేసుకున్న అనువాదం అది. మన స్తోత్రాల్లో వినే మాటే కాబట్టి తెలుగు కార్డులో త్రాత అనే ఉంచాను. దీర్ఘాలు మాత్రం నేనిచ్చినవి, ఖరోష్ఠీలో మామూలుగా దీర్ఘాలు రాయరు.

మూడో వారం

ఖరోష్ఠీ అభ్యాసం. రోజూ రాత్రి అన్నాలయ్యాక అరగంట, నోటు పుస్తకంలో.

కుడి నుంచి ఎడమకు రాయాలి. మొదట్లో చెయ్యి మొరాయించింది. కానీ లోపలి పద్ధతి మనదే: ప్రతి హల్లులోనూ అకారం ఉంటుంది, వేరే అచ్చు కావాలంటే గీత తగిలిస్తాం. చిన్న గిన్నెలా పైకి తెరుచుకున్నది 'మ'. దానికో గీత తగిలిస్తే 'మె'. గుణింతం వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. మేనకోడలికి రెండు రోజుల్లో వచ్చేసింది.

మన వైపుకు అన్నిటికంటే దగ్గర ఖరోష్ఠీ రాయదుర్గం దాటితే కర్ణాటకలో ఉంది. బ్రహ్మగిరిలో అశోకుడి శాసనం బ్రాహ్మీలో చెక్కిన చపడ అనే లేఖకుడు, చివర్లో 'లిపికరేణ' అన్న ఒక్క మాట ఖరోష్ఠీలో చెక్కాడు. వాయవ్యం నుంచి ఇంత దూరం వచ్చిన లిపి తెలిసిన మనిషి. తన పని పేరు తన లిపిలో పెట్టుకున్నాడు.

ఈ లిపిని ఎవరూ చదవలేని కాలం వందల ఏళ్లు నడిచింది. అది విడివడటానికి దారి చూపింది ఇలాంటి నాణేలే. 1830ల్లో అఫ్గానిస్తాన్‌లో వేల నాణేలు పోగేసిన చార్లెస్ మేసన్ ఒక సంగతి గమనించాడు. ఒక వైపు గ్రీకులో మెనాండ్రూ అని ఉన్న ప్రతిసారీ రెండో వైపు ఒకే గుర్తుల వరుస వస్తోంది. అపోలోడోటూ అని ఇంకో రాజు పేరు ఉన్నప్పుడు ఇంకో వరుస. బాసిలియోస్‌కి ఒకటి, సోటెరోస్‌కి ఒకటి. ఆ సంగతి కలకత్తాలో పాత లిపులు చదివే పనిలో ఉన్న జేమ్స్ ప్రిన్సెప్‌కి తెలియజేశాడు. ప్రిన్సెప్ అక్కణ్నించి ఒక్కో అక్షరానికీ విలువ కట్టుకుంటూ వెళ్లాడు. మాటకు అర్థం తెలియకపోయినా పేరు ఏ భాషలోనైనా దాదాపు ఒకేలా పలుకుతుంది. అందుకే తాళంచెవి పేరైంది.

ఇది చదివాక పలకలో ఒక మార్పు చేశాను. రెండు వైపులా పేరున్న భాగం మిగతా అక్షరాల కంటే ఒక పిసరు ఎత్తుగా రావాలి, చేత్తో తడిమితే తెలిసేలా. మట్టిలో అక్కడ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోతు చెక్కాలి.

నాలుగో ఆదివారం

బొరుసు అచ్చు. ఒక చేత డాలు ఎత్తి, ఇంకో చేత పిడుగు విసురుతున్న గ్రీకు దేవత అథీనా. పక్కన టంకశాల ముడి గుర్తు. ఈసారి బటర్ పేపర్ తిప్పి, గుండుసూదితో పొడిచి చుక్కలు దించుకున్నాం. వింతేమిటంటే, కుడి నుంచి ఎడమకు పోయే ఖరోష్ఠీ అచ్చులో తిరగబడి ఎడమ నుంచి కుడికి వచ్చింది. నా చేతికి అలవాటైన దారిలోనే చెక్కుకుంటూ పోయాను. పోత బాగా వచ్చింది. డాలు దగ్గర రెండు గాలి బుడగలు, తడి ప్లాస్టర్‌తో పూడ్చాను.

బొమ్మ వైపు కూడా రెండోసారి పోశాం. మధ్య న్యూ నుంచి మొదలుపెట్టాను. చోటు సరిపోయింది.

ఐదో వారం

అదే పేరున్న మిగతావాళ్ల కార్డులు. మొత్తం ఏడు. గ్రీకులకు ఇంటిపేరు ఉండదు. పేరు, తండ్రి పేరు, ఏథెన్సు వాళ్లైతే ఊరు. అందుకే ఒకే పేరువాళ్లు కలగాపులగమైపోతారు. గ్రీకు వ్యక్తుల పేర్లన్నీ ప్రాంతాలవారీగా పోగుచేసే పెద్ద నిఘంటువు పని ఆక్స్‌ఫర్డ్‌లో 1972లో మొదలైంది, మొదటి సంపుటం 1987లో వచ్చింది. అలాంటి పని ఎందుకు అవసరమో ఏడు కార్డులు రాసేసరికి నాకు తెలిసొచ్చింది.

నాటకకర్త కార్డే పెద్దది. కెఫిసియా ఊరివాడు, డియోపెయిథెస్ కొడుకు మెనాండ్రోస్. క్రీ.పూ. 342 ప్రాంతంలో పుట్టాడు. నూరుకు పైగా హాస్యనాటకాలు రాశాడు, పోటీల్లో గెలిచింది మాత్రం ఎనిమిదిసార్లే. దేవుళ్ల గొడవలు, రాజకీయ నాయకుల మీద వెక్కిరింతలు వదిలేసి, ఇళ్లల్లో జరిగేవి రాశాడు: ముక్కోపి ముసలాయన, తప్పిపోయిన పిల్లలు, మొగుడూ పెళ్లాల అపార్థాలు. ఆయన పోయాక కాలక్రమంలో ఆ నాటకాలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. తిరిగి వచ్చిన తీరు చూడండి. 1905లో ఈజిప్టులో ఒక పాత ఇంటి శిథిలాల్లో ఒక కుండ దొరికింది. ఆరో శతాబ్దపు లాయరు ఒకాయన తన దస్తావేజులు దాచుకున్న కుండ. ఆ కాగితాలు పాడవకుండా పైన కప్పిన పాత పుస్తకం పుటలు మెనాండ్రోస్ నాటకాలు. దాదాపు పూర్తిగా దక్కిన నాటకం ఒక్కటే, వేరే చోట దొరికిన డిస్కొలోస్. అది 1958లో గానీ అచ్చు కాలేదు. దాంతో ఆయన ఏథెన్సులో గెలిచింది క్రీ.పూ. 316లో.

ఈ కార్డు ఆరబెడుతుంటే పక్కింటి ఆంటీ వచ్చారు. ఆవిడ ఆదివారం చర్చి తప్పరు. కార్డులో చివర ఒక వాక్యం చదివి, "ఇది మా బైబిల్లోదే కదా!" అన్నారు. అవును. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 15వ అధ్యాయం, 33వ వచనం: దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును. పౌలు ఆ మాటను మెనాండ్రోస్ థాయిస్ నాటకంలోని పాదం నుంచి తీసుకున్నాడు. ఆ నాటకం పోయింది, ఆ పాదం మిగిలింది. ఆంటీ ఆ వచనాన్ని చిన్నప్పుడు సండేస్కూల్లో కంఠతా పట్టారట. తెలుగు ఊళ్లలో ఇన్ని తరాల పిల్లలు ఒక ఏథెన్సు హాస్యనాటకం పాదం వల్లె వేస్తూ వచ్చారు. ఆవిడ ఆ కార్డును ఫోటో తీసుకుని వెళ్లారు.

మిగతావి చిన్నవి. సిసిలీ దండయాత్రలో పెద్ద సేనాని నికియాస్‌కు తోడుగా నిలబెట్టిన ఏథెన్సు సేనాని. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ లిడియాకు పాలకుడిగా పెట్టిన సహచరుడు. తూరు రాజుల జాబితా రాసిన ఎఫెసస్ చరిత్రకారుడు, ఆయన మాటలు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఎత్తి రాసుకోబట్టి మనకు దక్కాయి. సీమోను మాంత్రికుడి శిష్యుడైన సమరయ వాడు, అంతియొకయలో బోధించాడు, తన శిష్యులకు చావు లేదని చెప్పాడు.

లవొదికయ ఊరి వక్తృత్వ గురువు దగ్గర కాస్త ఆగాను. క్రీ.శ. మూడో శతాబ్దం. పెళ్లిలో ఏం మాట్లాడాలి, ఊరికి వచ్చిన అధికారికి స్వాగతం ఎలా పలకాలి, ప్రయాణమైపోతున్న స్నేహితుడికి వీడ్కోలు ఎలా చెప్పాలి, చనిపోయినవారిని ఎలా తలుచుకోవాలి, వీటన్నిటికీ పద్ధతులు ఈయన పేరుతో ఉన్నాయి. సన్మాన సభల్లో ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చి టెన్షన్ పడేవాళ్లకు ఇప్పటికీ పనికొస్తాయి.

చివరిది ఆరో శతాబ్దపు కాన్‌స్టాంటినోపుల్ చరిత్రకారుడు. అనువాదంలో ఇక్కడ తప్పు చేయబోయాను. ఆయనను మెనాండ్రోస్ ప్రొటెక్టర్ అంటారు. నేను రక్షకుడు అని రాసేశాను. అలా రాస్తే నాణెం రాజు సోటెర్ బిరుదుతో కలిసిపోతుంది. ప్రొటెక్టర్ అన్నది రాజభవనం అంగరక్షక దళంలో పదవి. అంగరక్షక దళం వాడు అని మార్చాను. చదివిన లా వదిలేసి గుర్రప్పందేలు, నాటకాల చుట్టూ తిరిగానని, చక్రవర్తి మౌరికియోస్ చరిత్ర చదివేవాళ్లను ఆదరిస్తాడని విని రాయడానికి కూర్చున్నానని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. 558 నుంచి 582 దాకా జరిగినవి రాశాడు. మధ్య ఆసియా తుర్కుల దగ్గరికి వెళ్లిన రాయబారి జెమార్కోస్ ప్రయాణం మనకు తెలిసింది ఈయన వల్లే.

ఆరో వారం

రాజు కార్డు చివరికి మిగిల్చుకున్నాను, ఎక్కువ చెప్పాల్సి ఉంటుందని.

ఆయన రాజధాని సాగల, ఇప్పటి సియాల్‌కోట్ అంటారు. అలెగ్జాండర్ కంటే ఎక్కువ జాతులను జయించాడని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఆయన పోయిన రెండొందల ఏళ్లకు కూడా ఆయన ద్రక్మలు, అంటే ఈ వెండి నాణేలు, భరుకచ్ఛం (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) రేవులో చెల్లుబాటయ్యేవని ఒక గ్రీకు నావికుడి పుస్తకం చెబుతోంది. ఆ ద్రక్మ ద్రమ్మమై, దామ్ అయి, మన దమ్మిడీ దాకా వచ్చింది. ఆయన శిబిరంలో చనిపోతే పట్టణాలు అస్థికల కోసం పోటీపడి, పంచుకుని, తలా ఒక స్మారకం కట్టుకున్నాయని గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. బుద్ధుడి ధాతువుల కథ తెలిసినవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

పాళీ బౌద్ధ గ్రంథం మిలిందపఞ్హలో ఆయనే మిలిందుడు. పుట్టింది అలసంద ద్వీపంలో అని చెప్పుకుంటాడు, అది ఒక అలెగ్జాండ్రియా అంటారు. మెనాండ్రోస్‌లో మొదటి న కారం ల అయి, చివర ఇంద చేరింది. ఇంద అంటే పాళీలో ఇంద్రుడు. గ్రీకు పేరు కొత్త చోట తనకు తెలిసిన దేవుడి పేరు లాంటి ముగింపు తెచ్చుకుంది.

ఆ పుస్తకంలో ఆయన నాగసేన భిక్షువును వేసే తొలి ప్రశ్న పేరు గురించే: భంతే, మిమ్మల్ని ఏమని పిలుస్తారు? నాగసేనుడంటారు గానీ, అది పిలుపు కోసం పెట్టుకున్న సంకేతం, నామమాత్రం, లోపల అలాంటి వ్యక్తి ఎవరూ దొరకరు అని జవాబు. పాళీలో నామమత్తం, మనం రోజూ వాడే నామమాత్రమే. రాజు ఊరుకోడు. జుట్టు నాగసేనుడా, గోళ్లు నాగసేనుడా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. అప్పుడు నాగసేనుడు, మీరు వచ్చిన రథంలో ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఎదురు అడుగుతాడు.

కార్డు రాస్తూ చాలాసేపు దీని దగ్గరే ఉన్నాను. నామమాత్రమన్న మాటను శ్రద్ధగా విని ఒప్పుకున్న ఆ రాజు పేరే, రెండు వేల ఏళ్ల తర్వాత ఒక లిపిని తిరిగి చదివించింది. మేనకోడలు ఈ రెండూ ఒకే కార్డులో రావాలంది. చోటు చాలక అక్షరాలు చిన్నవి చేశాం.

ఎనిమిదో ఆదివారం

పలకలు పూర్తిగా ఆరడానికి పన్నెండు రోజులు పట్టింది. వెనక తడిగా ఉన్నప్పుడే ఇత్తడి తీగ కొక్కేలు పెట్టాం. గోడకు ఒక్కోదానికి రెండు స్క్రూలు.

ఏది ఎటు పెట్టాలన్నది గోడ దగ్గర తేలింది. గ్రీకు పలక ఎడమవైపు, ఖరోష్ఠీ పలక కుడివైపు పెట్టాం. గ్రీకు పేరు ఎడమ నుంచి మధ్యకు వస్తుంది, ఖరోష్ఠీ పేరు కుడి నుంచి మధ్యకు వస్తుంది. గ్రంథాలయానికి వచ్చిన ఇద్దరు పిల్లలు చెరో చివర నిలబడి, ఎత్తుగా వచ్చిన అక్షరాల మీద వేళ్లు జరుపుకుంటూ వచ్చారు. ఒకడు మె, నాన్, డ్రూ అంటున్నాడు. ఇంకొకడికి మేనకోడలు అందిస్తోంది: మె, నం, ద్ర, స.